ఎడమవైపు మెత్తన

ఫిబ్రవరి 9, సోమవారం

నీకు నమ్మకం ఉందా? ఉందంటే ఆ మందుల పొట్లం ఇంకా గుప్పిట్లో ఎందుకు పట్టుకున్నావు?

ఆదివారం సభలో మొదటి మాట ఇదే. తెల్లారి గ్రంథం తెరవగానే తట్టింది. మైకు పట్టుకుని ఈ మాట అనేసి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకోవాలి. ఆ ఊరుకోవడంలోనే ఉంది పస అంతా. తర్వాత నా భార్య సాక్ష్యం. గడ్డ రావడం, ప్రార్థన, గడ్డ కరిగిపోవడం, నిండు సభలో ఆమె లేచి నిలబడి "నాకు నయమైంది" అనడం. అక్కడ ఆపాలి. ఎప్పుడూ అక్కడే ఆపుతాను. పోయిన ఏడాది జూన్‌లో దేవుడు ఆమెని పిలుచుకోవడం వేరే సంగతి. దానికీ దీనికీ ముడి పెట్టకూడదు.

అత్తగారు వచ్చి పదకొండు రోజులు. కూతురి బట్టల బీరువా తెరవడం, మూయడం. తెరవడం, మూయడం. ఇవాళ షాపుకి కూడా వచ్చి కూర్చుంది. బస్సు సీట్లకి రెగ్జిన్ కుడుతుంటే చూస్తూ, "కుట్టు బాగా వేస్తావు అల్లుడూ, మాటలే వదులు" అంది.

నవ్వాను. పెద్దావిడ.

ఫిబ్రవరి 10, మంగళవారం

నేను మందులు మానమని ఎవరికీ చెప్పలేదు. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఒక్కరికి కూడా చెప్పలేదు. సభ ముందు బల్ల వేయిస్తాను. నమ్మినవాళ్ళు పొట్లం తెచ్చి దాని మీద పెడతారు. పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసుకుంటాను, పేరుపేరునా ప్రార్థన చేస్తాను. పెట్టమని బలవంతం లేదు.

ఇవాళ అత్తగారు అసలు మాట బయటపెట్టింది.

"చిన్నదానికీ గడ్డ వచ్చింది, అల్లుడూ."

నా మరదలు. మాకు పిల్లలు లేరు. నా భార్యకి చెల్లెలూ బిడ్డా రెండూ ఆమే. అత్తగారు ఉండేది వాళ్ళింట్లోనే.

"ఎక్కడ?"

"చంకలో. దాని అక్కకి వచ్చిన చోటే. నాలుగు నెలలైంది. ఆస్పత్రికి పోవే అంటే పోదు. పొద్దున లేస్తే నీ ఉపన్యాసం ఫోన్లో పెట్టుకుంటుంది. అక్కకి కరిగింది, నాకూ కరుగుతుంది అంటుంది."

"నేను ప్రార్థన..."

"ప్రార్థనకి నువ్వు రావాలా? ఇక్కణ్ణించీ వినబడుతుంది దేవుడికి. నువ్వు వచ్చి దానికి నిజం చెప్పు."

"ఏం నిజం అత్తయ్యా?"

ఆవిడ నావైపు చూసి, వంగి కింద పడ్డ దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే ఏరింది. చాలాసేపు పట్టింది.

"నేను చెప్పాను దానికి. నీకు బావంటే మొదట్నుంచీ పడదమ్మా అంది. నీ నోటితో వింటేనే నమ్ముతుంది. ఆదివారం నీ సభ ఎటూ ఆ దారిలోనే కదా. అక్కణ్ణించి ఇంకో రెండు రోజులు. నన్ను వ్యానులో తీసుకుపో."

"రైలు సుఖం అత్తయ్యా, ఈ వయసులో..."

"రైలెక్కిస్తే నువ్వు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతావు."

ఫిబ్రవరి 12, గురువారం

స్పీకర్లు ఎక్కించాను. టైర్లలో గాలి. గ్రంథానికి అట్ట ఊడితే సీట్లు కుట్టే దారంతోనే మళ్ళీ కుట్టాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అక్షరం అక్షరం కూడబలుక్కుని నేను చదివిన పుస్తకం ఇదొక్కటే. ఇది ఉండగా నాకు మాట కరువు రాలేదు. ఏ ప్రశ్నకైనా ఇందులో ఏ పేజీ తియ్యాలో నా వేళ్ళకి తెలుసు.

మరదలికి చెప్పవలసినదానికి కూడా పేజీ దొరుకుతుంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పొద్దున ఆరింటికి బయలుదేరాం. మొత్తం రెండు వేల కిలోమీటర్లకి కొంచెం తక్కువ. అత్తగారి సరంజామా: ఒక సంచి, ఒక ఫ్లాస్కు, పన్నెండు ఉడకబెట్టిన గుడ్లు, కమలాపళ్ళు, చేతి గడియారం. ముప్పై ఏళ్ళు బడిలో గంట కొట్టిన మనిషి. రెండు గంటలకోసారి "రెండో పీరియడు అయింది, ఆపు" అంటుంది. ఆపేదాకా వదలదు.

వాక్యం ఎత్తుకున్నాను. సగంలోనే అడ్డం తగిలింది.

"మెల్లిగా నాయనా. నాకు చెవుడు లేదు, నేను వెయ్యిమందినీ కాను."

ఆదివారం సభలో మాట్లాడేవాణ్ణి పక్కన పెట్టుకుని ఈ మాట అనే మనిషి ఇంకెవరూ ఉండరు. ఇంకొకామె ఉండేది.

ఊరు దాటగానే అత్తగారు సీటులో అటూ ఇటూ కదిలింది. "ఇదేంటి అల్లుడూ, నీ సీటు నన్ను ఎడమపక్కకి తోసేస్తోంది? ఇటు మెత్తన, అటు గట్టి. ఊరందరికీ కుడతావు, నీ బండికి ఇదా?"

"పాతదైపోయింది అత్తయ్యా."

శాలువా మడిచి ఎడమ తొడ కింద పెట్టుకుంది.

పాతదని చెప్పాను.

ఫిబ్రవరి 14, శనివారం

దారంతా ఎండ. నా భార్య ఆఖరి రోజుల గురించి అడిగింది. జ్వరమని చెప్పాను. పది రోజుల జ్వరం. మరదలికీ అదే చెప్పాను, సంఘంలోనూ అదే చెప్పాను. జ్వరం అబద్ధం కాదు. నూట మూడు దాకా వచ్చింది.

అత్తగారు గుడ్డు ఒలుస్తూ ఉంది. ఒలిచింది నాకిచ్చింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

సభ పొద్దున పదింటికి. ఫంక్షన్లకి అద్దెకిచ్చే హాలు, నాలుగు వందల కుర్చీలు, అన్నీ నిండాయి. మొదటి మాట అనుకున్నట్టే పడింది. ఊరుకున్నాను. పది దాకా లెక్కపెట్టాలి. ఏడు దగ్గర మొదటి వరసలో అత్తగారు కనబడింది. ఒళ్ళో సంచి పెట్టుకుని నావైపే చూస్తోంది. మిగతా మూడూ లెక్కపెట్టలేదు.

సాక్ష్యం చెప్పాను. గడ్డ, ప్రార్థన, కరిగిపోవడం. ప్రార్థనకి ముందు ఆస్పత్రిలో మూడు విడతల మందు ఎక్కించిన సంగతి ఎప్పుడూ చెప్పను, ఇవాళా చెప్పలేదు. ఇంకా మూడు విడతలు ఉన్నాయని డాక్టరు అన్నారు. అక్కర్లేదని ఆమె అంది. నేను అనలేదు. సభలో నయమైందని చెప్పాక ఇంకా ఆస్పత్రికి ఎలా వెళ్తానండీ, జనం చూడరా అంది. నేను ఏమీ అనలేదు.

"నాకు నయమైంది" అనే మాట దగ్గర జనం లేచారు. బల్ల దగ్గర వరస కట్టారు. ఇస్త్రీ షాపు నడిపే ఒకావిడ చిన్న ఐసు డబ్బా తెచ్చి పెట్టింది. అందులో షుగరుకి వేసుకునే సూదిమందు. పేరు రాసుకున్నాను. ఆవిడ ఏడుస్తూ దండం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు అత్తగారు లేచింది. అందరూ చూస్తుండగా బల్ల మీంచి ఆ డబ్బా తీసుకుని తలుపువైపు నడిచింది. నడక కాదు అది, పరుగే. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద ఆ ఇస్త్రీ ఆవిడని రెక్క పట్టుకుని ఆపింది. డబ్బా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఆ గుప్పిటని తన రెండు చేతుల్తో నొక్కింది.

సంఘ పెద్ద నా చెవిలో "ఎవరండీ ఆవిడ, మతి చెడిందా?" అన్నాడు.

"మా అత్తగారు" అన్నాను. మతి చెడలేదని మాత్రం అనలేదు.

వ్యానులో నేనే నోరు చేసుకున్నాను. "దేవుడి బల్ల మీద చెయ్యి వేస్తారా? నాలుగు వందల మందిలో నా పరువేం కాను?"

"పరువా?" అంది. "నా పెద్దకూతురు నీ పరువు కోసమే పోయింది నాయనా. ఇంకా చాల్లేదా?"

ఆ తర్వాత రెండు వందల కిలోమీటర్లు ఎక్కడా ఆపకుండా నడిపాను.

ఫిబ్రవరి 16, సోమవారం

రాసి కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఆపాం. నేను టీలు తెచ్చేసరికి అత్తగారు సీటు మీద లేదు, సీటు పక్కన నిలబడి ఉంది. కవరు జిప్పు పూర్తిగా తీసి ఉంది. లోపల ఫోమ్ కనబడుతోంది. కుడివైపు నీలం, గట్టిది, బస్సు డ్రైవర్లకి వేసేది. ఎడమవైపు తెల్లది, దూదిలాంటిది, పసిపిల్లల పరుపులకి వేసేది. మధ్యలో నా కుట్టు.

"ఎప్పుడు కుట్టావిది?"

"ఏప్రిల్లో."

"జనవరిలో కదా దానికి నయమైంది."

"అవును."

"ఏప్రిల్లో ఎందుకు కుట్టావు?"

"పాత ఫోమ్ కుడిపక్క దిగిపోయింది అత్తయ్యా."

"కుడిపక్కే ఎందుకు దిగింది?"

టీ గ్లాసులు రెండు చేతుల్లో కాలుతున్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పాతికేళ్ళుగా సీట్లు విప్పుతున్నాను. ఫోమ్ అబద్ధం ఆడదు. ఎవరు ఏ కాలు మీద భారం వేస్తారో, ఎవరికి నడుం పట్టేసిందో, విప్పి చూస్తే చెప్పేస్తుంది. పక్క సీటులో ఆమె తప్ప ఎవరూ కూర్చోరు. మార్చి నెలంతా ఆమె కుడివైపు ఒరిగి కూర్చుంది. గుంటలు వచ్చినప్పుడల్లా తలుపు పిడి పట్టుకునేది. ఎడమ తుంటి. నేను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. చెబితే నేను వినాల్సి వస్తుంది. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె పడుకున్నప్పుడు, సీటు విప్పి ఎడమవైపు మెత్తన వేసి కుట్టేశాను. మర్నాడు ఎక్కి కూర్చుని ఒక్క క్షణం ఆగింది. నావైపు చూసింది. "బాగుందండీ" అంది.

ఆమెకి తెలిసిపోయింది నాకు తెలుసని. ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ వ్యానులోనే ఏడు సభలకి వెళ్ళాం. ఏడు చోట్లా లేచి నిలబడి నయమైందని చెప్పింది.

ఇదంతా అత్తగారికి చెప్పలేదు. "ఆమె అటు ఒరిగి కూర్చునేది" అన్నాను, అంతే.

ఆవిడ ఆ తెల్ల ఫోమ్ మీద అరచెయ్యి పెట్టింది. నొక్కింది, వదిలింది.

"ప్రతి గురువారం ఫోన్ చేసేది నాకు. నువ్వు షాపులో ఉన్నప్పుడు. అమ్మా, తుంటి పోటు తట్టుకోలేకపోతున్నాను, ఆయనకి చెప్పకు, ఆయన మాట పోతుంది అని ఒట్టు వేయించుకుంది. నేనూ ఒట్టు పట్టుకుని కూర్చున్నాను. గంట కొట్టడమే నా పని కదా అల్లుడూ, అదొక్కసారి కొట్టలేకపోయాను. అందుకే నిన్ను తిట్టడానికి నాకు సగం హక్కే ఉంది." జిప్పు వేసింది. "నీకు తెలియదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నీకు తెలుసన్నమాట."

వ్యానెక్కి గ్రంథం తెరిచాను. ఒక పేజీ, ఇంకో పేజీ. వేళ్ళకి దారి తెలియలేదు.

నాకు తెలుసు.

నాకు తెలుసు.

ఫిబ్రవరి 17, మంగళవారం

మధ్యాహ్నానికి చేరాం. మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు. తోడల్లుడు క్రేను ఆపరేటరు, సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి చేతులు పట్టుకున్నాడు. "వచ్చారా అన్నయ్యా, ఇక నాకు భయం లేదు. మీరు తల మీద చెయ్యి పెడితే చాలు."

చేతులు వదలకుండానే వంటింటి దాకా తీసుకెళ్ళాడు. మరదలు అక్కడ కూరగాయలు తరుగుతోంది. ఎడమ చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని, కుడిచేత్తోనే. నా భార్యలాగే ఉంది. బుగ్గలు జారి మరీ అలాగే ఉంది. గూట్లో ఫోను, అందులో నా గొంతు. గడ్డ, ప్రార్థన, కరిగిపోవడం.

"అది కట్టెయ్యి అమ్మా."

"మీదే కదా బావా!" నవ్వింది. "అమ్మ ఏమైనా చాడీలు చెప్పిందా? దారంతా ఏడిపించిందా మిమ్మల్ని?"

అత్తగారు గుమ్మంలోనే నిలబడింది. "మాట్లాడు నాయనా. ఇక్కడ మైకు లేదు."

నాలుగు వందల మంది ముందు తడబడని గొంతు నాది. ఒక్క మనిషి ముందు, కత్తిపీట పక్కన, పైకి రాలేదు.

"మీ అక్కకి తగ్గలేదు."

"ఏంటి?"

"ఆస్పత్రిలో మందు ఎక్కించారు. అందుకే గడ్డ చిన్నదైంది. మిగతా మందు మానేసింది, నేను సభలో చెప్పేశానని. మార్చిలో తుంటిలోకి వచ్చింది. పోయింది జ్వరంతో కాదు. ఆ గడ్డతోనే."

"మీకు అప్పుడు తెలియదుగా బావా. తర్వాత డాక్టర్లు చెప్పారేమో."

నాకు దారి వేసింది పిల్ల. అవునంటే చాలు. అవునమ్మా, తర్వాతే తెలిసింది, అంటే చాలు. ఆస్పత్రికీ వెళ్తుంది, నేనూ మిగులుతాను. ఆ మాట నాలుక మీద దాకా వచ్చింది. అత్తగారు నా నోటివైపు చూస్తోంది.

"తెలుసు" అన్నాను. "మార్చిలోనే తెలుసు. తెలిసే చెప్పించాను ఏడు సభల్లో."

కత్తిపీట మీద సగం తరిగిన వంకాయ అలాగే ఉండిపోయింది. మరదలు అంది. "నాలుగు నెలలు బావా. రోజూ విన్నాను మిమ్మల్ని. నొప్పి వచ్చినప్పుడల్లా నాకే నమ్మకం తక్కువైందని నన్ను నేను తిట్టుకున్నాను."

లేచి వెళ్ళి ఫోను కట్టేసింది. తోడల్లుడు నా చేతులు వదిలేసిన సంగతి అప్పుడు గమనించాను.

"చెప్పులు వేసుకోవే" అంది అత్తగారు. "ఆస్పత్రి అయిదు దాకా తెరిచే ఉంటుంది."

ఫిబ్రవరి 18, బుధవారం

పరీక్షలు. మరదలు నన్ను లోపలికి రావద్దంది. వ్యానులో కూర్చున్నాను, పక్క సీటులో.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పక్క సీటులో.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఫలితాలు వచ్చాయి. ఇవాళ అత్తగారు నన్నూ లోపలికి రమ్మంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మెత్తగా మాట్లాడింది. గడ్డ చంక దాటింది. ఎముకలోకి పోయిందో లేదో ఇంకో పరీక్ష తేలుస్తుంది. మందు రేపటినుంచే ఎక్కించాలి. ఎంతవరకు పని చేస్తుందో ఇప్పుడే చెప్పలేం అంది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, "నాలుగు నెలల కిందట వచ్చుంటే బాగుండేదమ్మా" అంది.

ఎవరూ నావైపు చూడలేదు. చూసి ఉంటే తేలిగ్గా ఉండేది.

మెట్ల దగ్గర మరదలు ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "బావా, మీరు నా కోసం ప్రార్థన చేయొద్దు. చేస్తే నాకు తెలిసిపోతుంది." అని తోడల్లుడి భుజం పట్టుకుని దిగింది. ఒక్కొక్క మెట్టే.

అత్తగారు వెనకబడింది. నా చేతిలో ఒలిచిన కమలాపండు పెట్టింది. ఏడుస్తోందో లేదో తెలియదు, కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"నేను ఇక్కడే ఉండిపోతాను. నువ్వు పో. ఆ పేర్ల పుస్తకం ఎక్కడుంది?"

"వ్యానులో."

"ఎంతమంది?"

"నలభై మూడు."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డావేం?"

ఫిబ్రవరి 25, బుధవారం

పొద్దున ఎనిమిది. ఆస్పత్రి ముందు చెట్టు నీడలో వ్యాను. పైన మూడో అంతస్తులో మరదలికి మొదటి విడత ఎక్కిస్తున్నారు. పేర్ల పుస్తకం ఒళ్ళో ఉంది. గ్రంథం పక్క సీటు మీద, ఎడమవైపు మెత్తన మీద ఉంది. తెరవలేదు. తెరిస్తే మళ్ళీ ఏదో ఒక పేజీ నన్ను కాపాడుతుంది.

మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు.

రెండో నంబరు. బేకరీలో పనిచేసే ఆవిడ, గుండె జబ్బు, పోయిన ఆగస్టులో బల్ల మీద మాత్రలు పెట్టింది. నవ్వుతూ పెట్టింది, గుర్తుంది. ఒక మగగొంతు ఎత్తింది. ఎవరో చెప్పాను.

"అమ్మ లేదండీ" అన్నాడు. తర్వాత "మీ ప్రార్థన వల్ల ప్రశాంతంగా పోయిందండీ" అన్నాడు. కృతజ్ఞతగా అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

నిజం చెప్పాను. ఫోను పెట్టేశాడు.

పెన్ను ఆగిపోయింది కాసేపు. ఇప్పుడు ఏడవడానికి నీకు తీరిక లేదు. ఇస్త్రీ ఆవిడ ఒక్కతే అదృష్టవంతురాలు, ఆవిడ వెనక పరుగెత్తడానికి ఒక ముసలావిడ ఉంది. మిగతా వాళ్ళ వెనక ఎవరున్నారు? ఇంకా నలభై పేర్లు ఉన్నాయి. మొదటి నంబరు మళ్ళీ చెయ్యాలి, ఎత్తేదాకా చెయ్యాలి. ఎత్తనివాళ్ళ ఇంటికి పోవాలి. గుమ్మంలో నిలబడి చెప్పాలి, మైకు లేకుండా: నేను చెప్పింది అబద్ధం, మీ మందులు మీరు వేసుకోండి.

వచ్చే ఆదివారం సభలో అందరికీ ఒకేసారి చెబుతాననుకుంటున్నావు కదూ? ఆదివారం దాకా ఎవరు ఉంటారో నీకు తెలుసా? జనవరిలో తర్వాత చెబుదాంలే అనుకున్నావు, మార్చిలో అనుకున్నావు, ఏప్రిల్లో సూది దారం తీసుకుని కుట్టేశావు. ఇక చాలు. రాయడం ఆపు. మూడో పేరు మీద వేలు పెట్టు. ఇవాళే, ఈ ఎండ ఎక్కకముందే, ఫోను తియ్యి.